వైజాగ్‌లో గోప్రో అద్దెకు తీసుకోండి, "బైక్ కిట్" మాత్రం వద్దు

వైజాగ్‌లో గోప్రోలాంటి యాక్షన్ కెమెరా అద్దెకు తీసుకోవడంలో తప్పు లేదు. దాంతోపాటు అంటగట్టే "బైక్ కిట్" జోలికి మాత్రం పోవద్దు. మేం తీసుకున్న షాపులో కెమెరాకి రోజుకి రూ.600, కిట్‌కి ఇంకో రూ.250, డిపాజిట్ రూ.5,000. ఆ రెండొందల యాభైకి దక్కేవి ఇవీ: హ్యాండిల్‌కి బిగించే ప్లాస్టిక్ క్లాంపు, మూడు కీళ్ల పొడుగు చెయ్యి, పేరు చెరిగిపోయిన 64 జీబీ కార్డు.

ముందు క్లాంపు సంగతి. సింగిల్ సిలిండర్ బండి, అందులోనూ 350 సీసీ బుల్లెట్ అయితే, హ్యాండిల్ చివర్ల దగ్గర అదురు ఎక్కువ. కెమెరా సెన్సర్ బొమ్మ మొత్తాన్ని ఒక్కసారిగా పట్టదు, వరస తర్వాత వరస చదువుకుంటూ పోతుంది. ఆ కాస్త వ్యవధిలో కెమెరా అదిరిందా, రోడ్డు పక్క కరెంటు స్తంభాలు పాముల్లా మెలికలు తిరుగుతాయి. లోపలుండే స్టెబిలైజేషన్ గుంతల కుదుపుని సర్దుతుంది గానీ ఇంజను సన్న అదురు దాని చేతిలో లేదు. చెయ్యి పొడుగయ్యేకొద్దీ, కీళ్లు పెరిగేకొద్దీ ఆ అదురు ఇంకా పెరుగుతుంది.

దీనికి విరుగుడు శృంగవరపుకోట దగ్గర ఒక పంక్చరు షాపులో దొరికింది. ఆయన పాత ట్యూబు తీసి రెండంగుళాల పట్టీ కోసి, హ్యాండిల్ మధ్య భాగానికి బిగుతుగా రెండు చుట్లు చుట్టి, దాని మీద క్లాంపు వేశాడు. మూడు కీళ్లలో రెండు ఊడదీయించాడు. మిగిలిన బోల్టుని చేత్తో తిప్పి వదిలేయకుండా స్పానరుతో బిగించాడు. "ఇంత కరీదు కెమెరాకి ఈ పుల్ల కట్టేరేటి బాబూ?" అని నవ్వి ఇరవై రూపాయలు తీసుకున్నాడు. ఈ ప్రయాణంలో పూర్తిగా గిట్టుబాటైన ఖర్చు ఆ ఇరవయ్యే. మెలికలు బాగా తగ్గాయి. పూర్తిగా పోవాలంటే కెమెరా హెల్మెట్‌ గడ్డం మీదికి రావాల్సిందే. మనిషి ఒళ్లే అదురుని చాలావరకు మింగేస్తుంది.

గడ్డం మౌంటు సొంతంగా కొనుక్కోండి. అద్దెకిచ్చే పట్టీ రకం గంటలో జారుతుంది. అంటించే రకమైతే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక, అర నిమిషం గట్టిగా నొక్కి, ఒక రోజంతా కదపకుండా వదిలేయాలి. బయల్దేరే ముందు అంటించి వెళ్తే బీచ్ రోడ్డు తేమకి అంచు లేస్తుంది. ఊడినా కింద పడకుండా ఒక తాడు హెల్మెట్‌కి కట్టండి. హెల్మెట్‌కి బెజ్జాలు మాత్రం వేయొద్దు. కెమెరా తలకిందులుగా బిగిస్తే సెట్టింగ్స్‌లో దిశ లాక్ చేసుకోవాలి, లేకపోతే మలుపులో బొమ్మ తిరగబడొచ్చు. బండి మీద కూర్చుని, నడిపేటప్పుడు ఎలా వంగుతారో అలా వంగి, ఫోన్‌లో ప్రివ్యూ చూసి కోణం పెట్టండి. నిలబడి పెడితే ట్యాంకు, స్పీడోమీటరు తప్ప ఏమీ రావు.

కార్డు గురించి: 4కే, సెకనుకి 30 ఫ్రేములు, 100 ఎంబీపీఎస్ దగ్గర గంటకి 45 జీబీ అవుతుంది. 64 జీబీ గంటంపావు దాటాక నిండుతుంది. పైగా వీ30 గుర్తు (సెకనుకి కనీసం 30 ఎంబీ రాసే వేగం ఉందనే గుర్తు) లేని కార్డయితే మధ్యలోనే రికార్డింగ్ ఆగిపోవచ్చు. రిషికొండ దాటాక మా రికార్డింగ్ ఆగిపోయింది అలాంటి కార్డుతోనే.

ఆర్కే బీచ్ నుంచి భీమిలికి దాదాపు ముప్పై కిలోమీటర్లు. అందులో వీడియోకి పనికొచ్చే ముక్క రిషికొండ దాటాక మంగమారిపేట వరకు, ఎడమ పక్క తొట్లకొండ, కుడి పక్క సముద్రం. పొద్దున్నే వెళ్తే సూర్యుడు నీళ్ల మీద నుంచి కెమెరాలోకి కొడతాడు, సముద్రం తెల్లగా వెలిసిపోతుంది. మూడున్నర దాటాక భీమిలి వైపు వెళ్లండి, వెలుతురు వెనక నుంచి పడి నీళ్లు నీలంగా వస్తాయి. ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 400 దాటనివ్వకండి, ఎక్స్‌పోజరు అర పాయింటు తగ్గించండి, రంగులు సరిచూసే వైట్ బ్యాలెన్స్ 5500 కెల్విన్ దగ్గర కట్టేయండి. ఉప్పుగాలికి లెన్స్ మీద సన్న పొర పడుతుంది. పొడిగుడ్డతో రుద్దితే గీతలే. మంచినీళ్లు చల్లి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలి. అలా ఆగినప్పుడల్లా వెనక కూర్చున్న బావ ముఖం ముడుచుకునేవాడు. మురీ మిక్చరు పొట్లం చేతికొచ్చాకే శాంతించాడు. భీమిలిలో రూ.1,400 గది శుభ్రంగా ఉంది, బండికి నీడ కూడా ఉంది, అంతే.

ఎర్రమట్టి దిబ్బల మీదికి బండి ఎక్కించకండి. అది భూవారసత్వ స్థలం, చక్రాల గాడి పడితే మట్టి కోసుకుపోతుంది. డాల్ఫిన్స్ నోస్, యారాడ వైపు నౌకాదళం బోర్డులు కనబడితే కెమెరా ఆపేస్తే చాలదు, ఊడదీసి సంచిలో పెట్టండి. రికార్డు చేయడం లేదని గేటు దగ్గర వాదించడం అనవసరం.

అరకు ఘాట్‌లో సెట్టింగ్స్ మార్చాలి. చెట్ల నీడలోంచి ఎండలోకి, ఎండలోంచి నీడలోకి వెళ్తుంటే బీచ్‌లో లెన్స్ మీద పెట్టిన, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు వల్ల షట్టర్ నెమ్మదించి, గతుకు పడ్డ ప్రతిచోటా బొమ్మ అలికేస్తుంది. అనంతగిరి ఎక్కే ముందే ఫిల్టరు తీసేయండి, ఐఎస్ఓ 1600 దాకా వదలండి.

అరకులో దిగిన లాడ్జి గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. గదికి రూ.2,200. "చార్జింగ్ పాయింట్లు ఉన్నాయండి" అని ఫోన్‌లో చెప్పారు. ఉన్నది ఒక్కటి, టీవీ వెనక, వేలు పట్టని సందులో. రాత్రి కరెంటు పోతే ఇన్వర్టరు మీద లైటు, ఫ్యాను తిరుగుతాయి గానీ ప్లగ్గుకి కరెంటు రాదు. రిసెప్షన్‌లో పెట్టుకుంటామంటే ఒక్కో బ్యాటరీకి రూ.50 అడిగారు! ఒక బ్యాటరీ గంట, మహా అయితే గంటంపావు వస్తుంది. తెల్లారి గాలికొండ వ్యూపాయింటు దగ్గర మంచు తీయడానికి ఒక్కటే నిండుగా మిగిలింది. గది తీసుకునే ముందు ప్లగ్గులు ఎన్ని, ఇన్వర్టరు మీద ప్లగ్గు పనిచేస్తుందా అని రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు ఉంటే 1,720 ఎంఏహెచ్ బ్యాటరీలు ఆరేడు నింపుకోవచ్చు, ఎవరినీ బతిమాలక్కర్లేదు.

తిరిగొచ్చి కెమెరా అప్పగిస్తే లెన్స్ అద్దం మీద గీత ఉందంటూ డిపాజిట్‌లో రూ.1,500 కోత వేశారు. ఆ మోడల్‌లో ముందు అద్దం తిప్పితే ఊడొస్తుంది, విడిగా కొని వేసుకోవచ్చు, కెమెరాకి ఏమీ కాదు. తీసుకునేటప్పుడు బావ ఫోన్ టార్చి వేసి అద్దాన్ని, కార్డు గాడిని, బ్యాటరీ తలుపుని షాపువాళ్ల ముందే వీడియో తీసిపెట్టాడు, ఆ గీత అందులో ఉంది. చూపించాక "కుర్రోడు చూసుకోలేదండీ" అని కోత నాలుగొందలకి దింపారు. ఆ నాలుగొందలు దేనికని అడిగితే క్లీనింగ్ అన్నారు. రసీదు ఇవ్వలేదు.