బైపీసీ చదివి డాక్టర్ వద్దనుకుంటే: వెటర్నరీనా, అగ్రికల్చరా, ఫార్మసీనా, సైన్స్ డిగ్రీనా?

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. నీట్ అయిపోయిన వారం నుంచి ఏటా నా దగ్గరికి వచ్చే ప్రశ్న ఒకటే: "మేడం, ఎంబీబీఎస్ చదవాలో వద్దో తేలట్లేదు, ఇంకేం చేయొచ్చు?" నిరుడు ఆ ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది, అడిగింది మా అమ్మాయి. క్లాసులో తడుముకోకుండా చెప్పే జవాబు అన్నం దగ్గర నోట్లోంచి రాలేదు.

ముందు ఒక సంగతి. మెడిసిన్ వద్దనే పిల్లల్లో చాలామందికి నిజంగా వద్దనిపించేది లాంగ్ టర్మ్. ఇంకో ఏడాది హాస్టల్లో కూర్చుని అవే 180 ప్రశ్నలకు తయారవడం. వాళ్లకు డాక్టర్ కావాలనే ఉంది, అలసిపోయారంతే. ఈ పోలిక వాళ్లకు కాదు.

మిగతావాళ్లకు నేను చూడమనేది ఒక్కటే. మొదటి డిగ్రీ చేతికొచ్చాక పై చదువుకు పోకుండా, ఆ పట్టాతోనే బతకగలరా? ఎంబీబీఎస్ అంటే ఇంటర్న్‌షిప్‌తో ఐదున్నరేళ్లు, తర్వాత నీట్ పీజీ, ఆపైన ఇంకో మూడేళ్లు. ఆ పొడవుకు భయపడి పక్కకు జరిగినవాళ్లు, తెలియక అంతే పొడవున్న ఇంకో దారిలో పడుతున్నారు.

ఆ దారి బీఎస్సీయే. మైక్రోబయాలజీ, జెనెటిక్స్, బయోటెక్నాలజీ అని పేర్లు బాగుంటాయి. డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీ, ఆ తర్వాత నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష, పీహెచ్‌డీ. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు ఇస్తారు, కానీ అక్కడిదాకా ఇంట్లోవాళ్లు ఓపిక పట్టాలి. కేంద్ర ప్రభుత్వ సైన్స్ సంస్థ అయిన తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ చాలా మంచి చదువు. దాని ప్రవేశపరీక్షలో లెక్కలు కూడా ఉంటాయి కాబట్టి మన పిల్లలు విడిగా తయారవ్వాలి. నరాలు తెంచినా కప్ప గుండె ఎందుకు కొట్టుకుంటుందని, పాఠం అయిపోయాక కూడా స్టాఫ్‌రూమ్ దాకా వెంటవచ్చి అడిగే పిల్ల ఏడాదికొకరు తగులుతారు. ఆమెకు ఇదే చెప్తా. మిగతావాళ్లకు చెప్పను.

నా కొలతకు బాగా నిలిచేది వెటర్నరీ. ఇదీ ఐదున్నరేళ్లే, ఇంటర్న్‌షిప్ అందులోనే. కానీ పట్టా వచ్చాక వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయించుకుంటే ఆ రోజు నుంచే డాక్టరు. ఊళ్లో పశువుల ఆసుపత్రి, పట్నంలో కుక్కలు పిల్లుల క్లినిక్, కోళ్ల కంపెనీలు, పాల డెయిరీలు అన్నీ ఈ డిగ్రీతోనే అందుతాయి. ఎంబీబీఎస్‌లో ఒక్క శరీరం నేర్చుకుంటే ఇక్కడ ఆవు, గుర్రం, కుక్క, కోడి అన్నీ నేర్చుకోవాలి. చిక్కల్లా ఏమిటంటే, గేదె ఈనలేక అర్ధరాత్రి అవస్థ పడుతుంటే భుజం దాకా చెయ్యి పెట్టాల్సింది మీరే. రక్తం, అరుపులు, వేళాపాళా లేని పని ఇష్టంలేక మెడిసిన్ వద్దనుకున్నవాళ్లకు ఇక్కడా అవే ఎదురవుతాయి. మనుషులతో వేగలేకనా? జంతువుల వెనక యజమానులు ఉంటారు!

మా అమ్మాయి సరిగ్గా ఇక్కడే ఆగింది. "రాత్రి రెండింటికి ఫోన్ మోగే ఉద్యోగం నాకొద్దమ్మా" అంది. జువాలజీ టీచర్‌గా నా ఓటు వెటర్నరీకే, ఇప్పటికీ. తను మాత్రం అగ్రికల్చర్‌లో చేరింది.

అదీ తీసిపారేసే చదువు కాదు. నాలుగేళ్లే, రాష్ట్ర ప్రవేశపరీక్ష ఈఏపీసెట్‌లో ర్యాంకు చాలు. చివరి ఏడాది పల్లెల్లో రైతులతో ఉండి పని నేర్చుకోవాలి. తర్వాత వ్యవసాయాధికారి పోస్టులు, బ్యాంకుల్లో అగ్రికల్చరల్ ఫీల్డ్ ఆఫీసర్, విత్తన, పురుగుమందుల కంపెనీలు. ఉద్యోగాలకు పరీక్షలుంటాయి, కానీ వాటికి ఈ డిగ్రీ చాలు. పొలం ఉండి పల్లెలో చదివిన పిల్లలకు రైతు కోటా కూడా ఉంది. ప్రైవేటు కాలేజీలో చేరేముందు మాత్రం ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు గురించి గట్టిగా అడగండి, లేకపోతే పీజీ దగ్గర దెబ్బ తగులుతుంది.

బీఫార్మసీ నాలుగేళ్లు. మందుల షాపు పెట్టడానికి రెండేళ్ల డిప్లొమా చాలు కాబట్టి, కంపెనీల్లో తయారీ, నాణ్యత విభాగాల వైపు వెళ్లే ఉద్దేశం ఉంటేనే తీసుకోండి. ఫార్మ్‌డీ ఆరేళ్లు, పేరు ముందు డాక్టర్ వస్తుందని చేరితే మాత్రం నిరాశే. నర్సింగ్, ఆప్టోమెట్రీ కూడా పట్టాతోనే పని దొరికే చదువులే, రోగుల మధ్య ఉండటానికి అభ్యంతరం లేకపోతే.

ఇక చాలామంది పోగొట్టుకునేది ఒకటుంది. ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చింది కదా, ఫార్మసీ వెబ్ ఆప్షన్లలోనే అగ్రికల్చర్ కూడా కనిపిస్తుందని కూర్చుంటారు. కనిపించదు. వ్యవసాయ విశ్వవిద్యాలయం విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది, విడిగా దరఖాస్తు చేయాలి. వెటర్నరీలో ఆలిండియా కోటా 15 శాతం సీట్లకు నీట్ ర్యాంకు కావాలి. అందుకే మెడిసిన్ వద్దనుకున్నా సరే, నీట్ రాయడం మానకండి.