ఐబీఎం డోర్స్: పాత తెర, పదునైన లింకులు

వైద్య పరికరాల ప్రాజెక్టులలో రిక్వైర్‌మెంట్లు, అంటే పరికరం ఏం చేయాలో చెప్పే షరతులు, రాసే పనిలో ఉన్నందువల్ల, వాటిని నిర్వహించే సాఫ్ట్‌వేర్ అయిన డోర్స్‌ను కొన్నేళ్లుగా దాదాపు రోజూ తెరుస్తున్నాను. బ్రిటన్‌లో పుట్టి, స్వీడన్ సంస్థ టెలీలాజిక్ మీదుగా 2008లో ఐబీఎం చేతికి వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్‌కు బ్రౌజర్‌లో నడిచే డోర్స్ నెక్స్ట్ అనే తమ్ముడు ఉన్నా, ఇక్కడ చెబుతున్నది డెస్క్‌టాప్ మీది పాత డోర్స్ గురించే.

ఇందులో పత్రాన్ని మాడ్యూల్ అంటారు; అందులోని ఒక్కొక్క రిక్వైర్‌మెంటు ఒక్కొక్క ఆబ్జెక్ట్. ప్రతి ఆబ్జెక్ట్‌కూ ఒక సంఖ్య వస్తుంది; దాన్ని తొలగించినా ఆ సంఖ్య అదే మాడ్యూల్‌లో మరొకదానికి దక్కదు. వర్డ్ ఫైలులో పేరాల సంఖ్యలు జరిగిపోయి, టెస్టింగ్ బృందం ఒకదానికి బదులు మరొకటి పరీక్షించిన సందర్భాలు చూసినవారికి ఈ నియమం విలువ వేరే చెప్పనక్కరలేదు. పక్కనుండే నిలువు గీత ఆకుపచ్చగా ఉంటే గత బేస్‌లైన్ (ఒక దశలో ఉన్నదున్నట్టు భద్రపరచిన ప్రతి) తర్వాత ఆ ఆబ్జెక్ట్ మారలేదని, పసుపుగా ఉంటే మారి సేవ్ అయిందని, ఎర్రగా ఉంటే మార్పు ఇంకా సేవ్ కాలేదని అర్థం.

అసలు బలం ఒక ఆబ్జెక్ట్‌ను మరొకదానితో ముడిపెట్టే లింకులలో ఉంది. ఒక ప్రాజెక్టులో, కరెంటు పోయాక పరికరం బ్యాటరీ మీద 4 గంటలు నడవాలన్న షరతును కొనుగోలుదారు మధ్యలో 6 గంటలకు పెంచమన్నారు. సమావేశంలో అందరికీ అది బ్యాటరీ మార్పుగానే కనిపించింది. అంకె మార్చగానే దానితో ముడిపడిన హార్డ్‌వేర్, టెస్ట్ మాడ్యూళ్లలోని లింకులకు సస్పెక్ట్ గుర్తు, అంటే మళ్లీ సరిచూడాలన్న గుర్తు, పడింది. వాటి వెంట వెళితే చార్జింగ్ సమయం, పరికరం బరువు, చివరికి ప్రమాద విశ్లేషణలో బ్యాటరీ వేడెక్కే అంశం దాకా తేలాయి. అయితే లింకు లేనిచోట డోర్స్ నోరు మెదపదు. లేబుల్ మీద ముద్రించే బరువుకు మేమే లింకు పెట్టలేదు, అది ఆఖరి తనిఖీలో గాని బయటపడలేదు. పైగా విడుదల ముందు రాత్రి ఈ గుర్తులను చదవకుండానే వరుసగా తుడిచేసేవారిని ఏ సాధనమూ ఆపలేదు.

ఇబ్బందులూ తక్కువేమీ కాదు. ఒకరు మాడ్యూల్‌ను ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో తెరిచి భోజనానికి వెళితే, వారు వచ్చేదాకా మిగిలినవారు చదువుకోవలసిందే తప్ప దిద్దలేరు. షేర్డ్ మోడ్ ఉంది గాని, దానికి ముందే మాడ్యూల్‌ను భాగాలుగా విడదీసుకోవాలి. కాస్త ప్రత్యేకమైన నివేదిక కావాలంటే డీఎక్స్‌ఎల్ అనే దీని సొంత స్క్రిప్టు భాష వచ్చి ఉండాలి. అది వచ్చినవారు సెలవు పెడితే పని ఆగుతుంది. అందుకే చాలామంది ఇప్పటికీ ఎక్సెల్‌లోకి దింపుకుని, అక్కడ దిద్ది, మళ్లీ ఎక్కిస్తుంటారు. ఈ అలవాటు వల్ల ఏ మార్పు ఎవరు చేశారన్న చరిత్ర మసకబారుతుంది.

పదిమంది కలిసి మొబైల్ యాప్ చేసేచోట ఇది మోయలేని బరువు. పనుల జాబితాను నడిపే జిరా వంటి సాధనం చాలు. ఐఈసీ 62304 (వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్), ఐఎస్ఓ 26262 (వాహనాల భద్రత) ప్రమాణాల కింద ఆడిటర్‌కు జవాబు చెప్పవలసిన బృందానికి మాత్రం, రెండు బేస్‌లైన్లను పక్కపక్కన పోల్చి చూపగలిగే ఈ సాధనాన్ని నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను, డీఎక్స్‌ఎల్ వచ్చినవారు కనీసం ఇద్దరు ఉంటేనే.