వగైరా, ఎట్‌సెట్రా: ఏది రాయాలి?

నల్లగొండ వైపు పాత పహాణీల్లో (భూమి రికార్డుల్లో) పట్టాదారు పేరు పక్కన ‘వగైరా’ కనిపిస్తుంది. అన్నదమ్ములంతా ఆ ఒక్క మాటలో సర్దుకుని కూర్చుంటారు. అరబ్బీలో ‘వ’ అంటే మరియు, ‘గైర్’ అంటే ఇతరం. 1948 దాకా సాగిన నిజాం పాలనలో ఉర్దూ కాగితాలతో మన ఊళ్లలో పాతుకుపోయింది.

ఎట్‌సెట్రా లాటిన్ మాట: ‘ఎట్’ అంటే మరియు, ‘సెటెరా’ అంటే మిగిలినవి. పుట్టిల్లు వేరు, పోత ఒకటే! అందుకే ‘మరియు ఎట్‌సెట్రా’ అంటే రెండు మరియులు. ‘ఎక్సెట్రా’ అని పలకడం పొరపాటే, ఇంగ్లిషువాళ్లలోనూ ఉంది.

సెటెరా వస్తువులకు వాడే నపుంసక బహువచనం. మనుషులకు ‘ఎట్ అలిఈ’ (మరియు ఇతరులు) వేరే ఉంది. వగైరాకు ఆ పట్టింపు లేదు: వారసులు, బర్రెలు, బోర్లు, అన్నీ ఇముడుతాయి. నా ఓటు దానికే. భూమి దస్తావేజులో మాత్రం రెండూ వద్దు, పేర్లన్నీ రాయించుకోండి.