కంచు విగ్రహం నడిస్తే అలాగే నడుస్తుంది: ‘జేసన్ అండ్ ది ఆర్గొనాట్స్’ బ్లూరే

కథ కోసమైతే ఈ డిస్క్ కొనకండి. బంగారు గొర్రెతోలు కోసం ఓడెక్కిన జేసన్ చివరికి దాన్ని సాధిస్తాడు గానీ, రాజ్యం లాక్కున్న పీలియస్ లెక్క తేలకుండానే 1963 నాటి ఈ సినిమా అయిపోతుంది. మొదటి అరగంట మాటలతోనే గడుస్తుంది. ఆ తర్వాత టాలోస్ అనే కంచు విగ్రహం కిర్రుమంటూ మెడ తిప్పుతుంది. అక్కణ్ణుంచి సినిమా బొమ్మల్ని స్టాప్ మోషన్‌లో కదిపిన రే హ్యారీహౌసెన్‌ది.

స్టాప్ మోషన్‌లో బొమ్మని పిసరంత కదిపి ఒక ఫ్రేము తీస్తారు, మళ్లీ కదిపి ఇంకోటి. సెకనుకి 24. తీసే క్షణంలో బొమ్మ కదలదు కాబట్టి ప్రతి ఫ్రేమూ స్ఫుటంగా పడుతుంది. పరిగెత్తే మనిషిని తీస్తే చేతులు, కాళ్లు కొంచెం చెదిరినట్టు పడతాయి, ఆ చెదురే కంటికి నున్నటి కదలికలా తోస్తుంది. బొమ్మకి అది ఉండదు, అందుకే నడక టకటకలాడుతుంది. రక్తమాంసాలున్న జంతువుకైతే ఇది లోపమే. కంచు విగ్రహం మాత్రం ఇంకెలా నడుస్తుంది? ఎముకల గూడు ఇంకెలా కత్తి తిప్పుతుంది? ఆ కుదుపు తప్పుగా కాకుండా స్వభావంగా కనిపించే రాక్షసులు దొరకడమే ఈ సినిమా అదృష్టం.

రెక్కల హార్పీల దగ్గరికొచ్చేసరికి ఆ అదృష్టం తగ్గుతుంది. ఇటలీలోని పేస్టమ్ గుళ్ల మధ్య తీసిన ఘట్టం అది, చోటు అద్భుతం. కానీ రెక్కలు వేగంగా కొట్టుకోవాలి, వేగం పెరిగేకొద్దీ చెదురు లేని లోటు ఎక్కువ తెలుస్తుంది. ఏడు తలల హైడ్రా నయం, మెడలు నిదానంగా మెలికలు తిరుగుతాయి కాబట్టి. ఢీకొనే కొండల్ని ఆపే సముద్ర దేవుడు ట్రైటన్ అయితే బొమ్మే కాదు, చేప తోక తగిలించుకున్న మనిషి. నమూనా ఓడ చుట్టూ నీళ్లు బరువుగా కదిలినట్టు కనిపించాలని సెకనుకి ఎన్ని ఎక్కువ ఫ్రేములు తీసినా నీటి బొట్టు చిన్నదైపోదు. గుట్టు అక్కడే బయటపడుతుంది.

ఇక అస్థిపంజరాల పోరు. ఏడు బొమ్మలు, ముగ్గురు మనుషులు. బొమ్మల లోపల గుండు కీళ్ల లోహపు చట్రం, పైన రబ్బరు పాలలో ముంచిన దూది. తల, రెండు చేతులు, రెండు కాళ్లు: ఒక్కో దానికి అయిదు కదలికలు, అంటే ఒక్క ఫ్రేముకి 35 సర్దుబాట్లు. అవి కూడా ముందే చిత్రీకరించేసిన నటుల కత్తులకి సరిపోవాలి. హ్యారీహౌసెన్ ఒక్కడే కూర్చుని చేసిన ఈ పనికి నాలుగున్నర నెలలు పట్టింది, కొన్ని రోజుల్లో పొద్దంతా కష్టపడితే వచ్చింది 13 ఫ్రేములు. బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లు లేకుండా ఊదే వాయిద్యాలతో, డప్పులతో కట్టిన సంగీతం ఆ ఎముకలకి ఇంకొంచెం బరువునిచ్చింది.

బొమ్మనీ మనుషుల్నీ కలిపే పద్ధతికి డైనమేషన్ అని పేరు. నటుల దృశ్యాన్ని చిన్న తెర మీద వెనకనుంచి వేస్తారు, దాని ముందు బల్ల మీద బొమ్మ. కెమెరాకీ బొమ్మకీ మధ్య ఒక గాజు పలక ఉంటుంది, ముందుభాగపు నేల ఎంతవరకు ఉందో అంతవరకు దానికి నల్లరంగు పూస్తారు. బొమ్మ కదలిక మొత్తం అయ్యాక ఫిల్మ్‌ని వెనక్కి చుట్టి, ఈసారి ఆ నల్లగా మిగిలిన భాగాన్ని మాత్రమే నింపుతారు. బొమ్మ మనుషుల మధ్యలో ఇరుక్కున్నట్టు కనిపిస్తుంది. చిక్కల్లా, తెర మీద పడే దృశ్యాన్ని మళ్లీ ఫోటో తీస్తున్నారు కాబట్టి అందులో రేణువులు, అంటే ఫిల్మ్‌లో ఉండే సన్నటి చుక్కలు, లేస్తాయి, రంగు కొంచెం మారుతుంది.

సోనీ 2010లో తెచ్చిన బ్లూరే ఇదంతా దాచకుండా చూపిస్తుంది. రాక్షసుడు వచ్చే షాట్ మొదలవ్వగానే రేణువులు పెరుగుతాయి. డిస్క్ పాడైందని అనుకోవద్దు, ఫిల్మ్ అలాగే ఉంది. దాన్ని నునుపు చేసి ఉంటే బొమ్మల గరుకుదనం కూడా పోయేది. హ్యారీహౌసెన్ స్వయంగా చెప్పిన వ్యాఖ్యానం ఉంది, దర్శకుడు పీటర్ జాక్సన్ పాల్గొన్నది ఇంకోటి ఉంది. పని తెలుసుకోవాలంటే మొదటిది.

చూసేముందు టీవీ సెట్టింగుల్లో కదలికని నునుపు చేసే ఆప్షన్ తప్పకుండా ఆపేయండి. కొత్త టీవీల్లో అది చాలావరకు ముందే ఆన్‌లో ఉంటుంది. రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేముల్ని అది సొంతంగా కల్పిస్తుంది, టాలోస్ రబ్బరు బొమ్మలా ఊగుతాడు. సన్నటి ఎముకల అంచులు కూడా చెదిరిపోతాయి. మీ ప్లేయర్‌లో ఫ్రేము ఫ్రేముగా జరిపే బటన్ ఉంటే అస్థిపంజరాల పోరు దగ్గర ఆపి 13 సార్లు నొక్కండి. కత్తి ఒక్కసారి కూడా పూర్తిగా కిందికి దిగకపోవచ్చు. ఒకరోజు పని అంతే.