పాత ట్రెంచ్ గన్: వించెస్టర్ 97 మేలా, మోడల్ 12 మేలా, స్టీవెన్స్ సరిపోతుందా?

డాలస్‌లో ఉండే మా బావమరిది పోయిన శనివారం గన్ షో నుంచి ఫోన్ చేశాడు. "బావా, వించెస్టర్ 97 ట్రెంచ్ గన్ దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధంలోదంట. తీసేసుకోనా?" ట్రెంచ్ గన్ అంటే కందకాల్లో పోరాటానికి సైన్యం వాడిన పొట్టి గొట్టం షాట్‌గన్. ఫొటోలు పంపమన్నాను. గొట్టం మీద, వేడికి చెయ్యి కాలకుండా బిగించే చిల్లుల రేకు ఉంది, కింద బాయ్‌నెట్ తగిలించే కొక్కెం ఉంది, కొయ్య మాత్రం కొత్త పెళ్ళికొడుకులా నిగనిగలాడుతోంది. ఆ నిగనిగ చూశాకే నాకు అనుమానం మొదలైంది.

97కి అంత గిరాకీ ఎందుకంటే దాని కథ అలాంటిది. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన, హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) బయటికే కనిపిస్తుంది, గొట్టం 20 అంగుళాలు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని పంపు (గొట్టం కింద ముందుకూ వెనక్కీ జరిగే పిడి) లాగుతూ పోతే గుండు వెంట గుండు పేలుతుంది. 1918 సెప్టెంబర్‌లో జర్మనీ ఈ తుపాకుల వాడకం యుద్ధ నియమాలకు విరుద్ధమని అమెరికాకు నిరసన తెలిపింది. వీటితో పట్టుబడ్డ సైనికుల ప్రాణాలకు పూచీ లేదని కూడా హెచ్చరించింది. అమెరికా ఒప్పుకోలేదు. ఇంత కథ ఉన్న తుపాకీ అసలుదైతే వేల డాలర్లు పలుకుతుంది. అదే 97 వేట రకమైతే కొన్ని వందలే. ఈ తేడా ఉన్నచోట దొంగ సరుకు పుట్టకుండా ఎలా ఉంటుంది? కొత్త చిల్లుల రేకులు విడిగా అమ్ముతారు. వేట తుపాకీ గొట్టం కోసి, రేకు బిగిస్తే ట్రెంచ్ గన్ తయారు. ఇవి చాలవన్నట్టు చైనా నోరింకో వాళ్ళు చేసిన 97 నకళ్ళు కూడా తిరుగుతున్నాయి.

అందుకే రేకును చివర చూడాలి. ముందు చూడాల్సింది తుపాకీ రెండు ముక్కలుగా విడిపోతుందా లేదా అని. మొదటి యుద్ధం నాటి 97 ట్రెంచ్ గన్‌లు విడిపోని రకం, వాటి రేకుకు ఆరు వరసల చిల్లులు. రెండో యుద్ధం నాటివి విడదీసే రకం. వీటికి మొదట్లో పాత ఆరు వరసల రేకే వాడినా, 1942 ప్రాంతం నుంచి నాలుగు వరసలది వచ్చింది. మావాడు పంపిన దానికి నాలుగు వరసలు, పైగా విడిపోయే రకం. మొదటి యుద్ధం మాట అక్కడే అబద్ధమైపోయింది.

పోనీ రెండో యుద్ధానిదా? అయితే రిసీవర్ (ట్రిగ్గర్ పైన, లోపలి యంత్రం ఉండే ఇనుప భాగం) మీద "యూఎస్" అన్న అక్షరాలు, మంట కక్కే బాంబు ముద్ర ఉండాలి. గొట్టం కింద రెండంకెల్లో తయారైన సంవత్సరం ఉంటుంది. కొయ్య మీద తనిఖీ అధికారి ముద్ర, ఎక్కువగా "జీహెచ్‌డీ" అని, ఉంటుంది. కొయ్యను ఉప్పుకాగితంతో రుద్ది వార్నిష్ కొడితే మొదట పోయేది ఆ ముద్రే, దానితోపాటు ధరలో పెద్ద ముక్క కూడా. విడదీసే రకంలో రిసీవర్ అడుగున, గొట్టం వైపు ముక్క మీద ఒకే నంబర్ ఉండాలి. అమ్మేవాడి ముందే విడదీయించి చూడండి, మొహమాటం వద్దు. ఇంకో సంగతి: 97 ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది నల్లటి బ్లూయింగ్ (తుప్పు పట్టకుండా ఇనుముకు వేసే పూత)‌తోనే. బూడిద రంగు పార్కరైజింగ్ (మెరవని ఇంకో రకం పూత) కనిపిస్తే తర్వాత ఆయుధాగారంలో బాగుచేసినదని అర్థం. అది మోసం కాదు, ధర మాత్రం వేరు.

మోడల్ 12 కూడా వించెస్టర్‌దే, 1912లో వచ్చింది. హ్యామర్ లోపలే ఉంటుంది, చేతిలో నునుపుగా ఆడుతుంది. ఇక్కడ రెండో యుద్ధం చివర్లో వచ్చినవి ఫ్యాక్టరీలోనే పార్కరైజ్ అయ్యాయి కాబట్టి బూడిద రంగు చూసి తిరగ్గొట్టకూడదు. తుపాకీగా 97 కన్నా ఇదే మేలని నా అభిప్రాయం. కానీ ధర దాదాపు అంతే, మోసాలూ అంతే.

ఇక ఎవరూ పెద్దగా పట్టించుకోని స్టీవెన్స్ 520-30. దీని మూలమూ బ్రౌనింగ్ రూపకల్పనే. వీపు మీద రెండు మూపురాలున్నట్టు ఉంటుంది, అందం గురించి అడక్కండి. రెండో యుద్ధంలో సైన్యం వీటినీ, వీటి తమ్ముడు 620ఏనీ ట్రెంచ్ గన్‌లుగా తీసుకుంది. వించెస్టర్ పేరు లేనందుకు ధర తక్కువ, దొంగముద్రలు కొట్టేవాడికి లాభమూ తక్కువ. ముద్రలన్నీ సరిగా ఉన్న స్టీవెన్స్ ఒకటి, అనుమానపు 97 ఒకటి పక్కపక్కన పెడితే నేను కళ్ళు మూసుకుని స్టీవెన్స్ తీసుకుంటాను. ఇథాకా 37 ట్రెంచ్ గన్ అని ఎవరైనా చూపిస్తే మాత్రం ఆగండి. అవి చేసిందే చాలా తక్కువ, తెలిసినవాళ్ళకు చూపించకుండా పైసా ఇవ్వకండి.

ఏది కొన్నా, కాల్చే ముందు గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు)‌తో పరీక్ష చేయించాలి. మనవాళ్ళకు ఇంకో మాట: హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు తుపాకీ ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. "పాతదే కదా, గోడకు తగిలించుకుంటా" అంటే కుదరదు. మావాడికి గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి ఆ టెన్షన్ లేదు.

ఆ సాయంత్రం మళ్ళీ ఫోన్ వచ్చింది. విడదీయించి చూశాడట. రిసీవర్ మీద నంబర్ ఒకటి, గొట్టం ముక్క మీద ఇంకొకటి. "వేట తుపాకీ ధరకైతే తీసుకుంటానన్నాను బావా, అమ్మేవాడు రేకు ఊడదీసుకుని తుపాకీ ఇస్తానంటున్నాడు" అన్నాడు.