నీళ్లెక్కణ్ణించి వస్తున్నాయి? డెల్టా లెక్కలో సైన్స్ ఫిక్షన్ సినిమాలు

సైన్స్ ఫిక్షన్ సినిమాను తూచడానికి గోదావరి డెల్టా జనం దగ్గర ఒక మంచి తూకంరాయి ఉంది. ఆ లోకంలో మనుషులు ఏం తింటున్నారు, నీళ్లెక్కణ్ణించి వస్తున్నాయి, ఆ నీళ్లు శివారు దాకా చేరుతున్నాయా లేదా. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారో చూసుకుని, దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీటి వంతులు ఎప్పుడు పెడతారోనని లెక్కలు వేసుకునే ఊళ్లు ఇవి. తెర మీద కొత్త గ్రహం చూపించినా, మరో తొమ్మిది వందల ఏళ్ల తర్వాతి కాశీని చూపించినా ఈ ప్రశ్న వదలక్కర్లేదు. ఎగిరే బళ్లూ లేజర్ తుపాకులూ డబ్బుంటే ఎవరైనా చేయిస్తారు. నీటి లెక్క ముందే రాసుకుని కెమెరా పట్టుకున్న దర్శకులు మాత్రం తక్కువ. ఈ మూడేళ్లలో హాళ్లకొచ్చిన సినిమాలనీ, మళ్లీ విడుదలైన పాతవాటినీ ఈ లెక్కనే చూద్దాం.

ఈ పరీక్షలో అందరికన్నా ముందుండేది డెనీ విల్నెవ్. 2024 మార్చిలో వచ్చిన 'డ్యూన్: పార్ట్ టూ' నిడివి 166 నిమిషాలు. మొదట్లోనే చచ్చిపడిన శత్రు సైనికుల ఒంట్లోంచి ఎడారి గ్రహం మీది ఫ్రెమెన్ జనం యంత్రంతో నీళ్లు తోడేస్తారు. అందులో మందులు ఎక్కువ, తాగడానికి పనికిరాదు, యంత్రాలు చల్లబరచడానికి వాడుకోవచ్చని అక్కడికక్కడే తేలుస్తారు. ఊరచెరువు నీళ్లు వేరు, రొయ్యల చెరువు నుంచి కాలువలోకి వదిలిన నీళ్లు వేరు అని తెలిసిన భీమవరం వైపు ప్రేక్షకుడికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. సొంతవాళ్లు చనిపోతే మాత్రం ఆ నీళ్లు గుహలోపలి కొలనులో చేరతాయి. దాహంతో ప్రాణం పోతున్నా ఆ కొలను ముట్టరు. ఒకే పదార్థానికి మూడు విలువలు కట్టారు: తాగేది, వాడుకునేది, దాచేది. కథలో పెళ్లీ పగా మతమూ అన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి. మిగతా దర్శకులకు కొరవడేది ఈ పట్టే.

ఇంత చేసి, తన నియమాన్ని తనే తప్పుతాడు. ఫ్రెమెన్ జనం తొడుక్కునేవి చెమటా మూత్రమూ ఊపిరిలోని తేమా పట్టి తిరిగి తాగునీరుగా మార్చే దుస్తులు. ముక్కు దగ్గర గొట్టం, మూతికి ముసుగు ఉండాలి. నటుల ముఖాలు కనబడాలి గనుక మిట్టమధ్యాహ్నం ఎడారిలో ముసుగులు తీసి గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. తూము ఎత్తి ఉంచేసి నీళ్లు చాలడం లేదని గోల పెట్టినట్టుంటుంది. చివరి యుద్ధం కూడా తొందర తొందరగా తేలిపోయింది. అన్ని గ్రహాలనేలే చక్రవర్తి సేన నిమిషాల్లో కూలిపోతే రెండు సినిమాలుగా పెంచిన భయానికి విలువేముంది?

ఛాయాగ్రాహకుడు గ్రేగ్ ఫ్రేజర్ పని గురించి ఒక మాట. నల్లసూర్యుడి గ్రహం మీద గోదాలో పోరు జరిగే భాగాన్ని పరారుణ కాంతిని పట్టేలా మార్చిన కెమెరాలతో తీశారు. మామూలుగా తీసి రంగు తీసేసిన నలుపు తెలుపు కాదది. పరారుణంలో చర్మం పాలలాగా, నిగనిగలాడుతూ పడుతుంది. కంటికి నల్లగా ఉన్న బట్ట తెల్లగా పడొచ్చు, కనక ప్రతి గుడ్డనీ ముందే కెమెరా ముందు పెట్టి చూసుకోవాలి. ఆ శ్రమ వల్లే ఆ పది నిమిషాలూ వేరే సూర్యుడి కింద తీసినట్టుంటాయి. ఈ సినిమాకు ధ్వనికీ, విజువల్ ఎఫెక్ట్స్‌కీ ఆస్కార్‌లొచ్చాయి. ధ్వని సంగతి హాళ్ల దగ్గర మళ్లీ వస్తుంది.

ఇక మనది. నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ', 2024 జూన్ 27న వచ్చింది, మూడు గంటల సినిమా. 'ఎవడే సుబ్రమణ్యం', 'మహానటి' తీసిన మనిషి నుంచి ఇలాంటిది రావడమే ఒక విశేషం. పేరులోని సంవత్సరం ఊరికే పెట్టింది కాదు. క్రీస్తుపూర్వం 3102లో కలి మొదలైందన్న లెక్కకు ఆరు వేల ఏళ్లు కలిపితే 2898 వస్తుంది. (పంచాంగం గట్టిగా చూసేవాళ్లు ఒప్పుకోరు. సున్నా సంవత్సరం లేదు కాబట్టి ఒకటి తగ్గి 5,999 అవుతుంది.) కురుక్షేత్రంతో మొదలెట్టి అశ్వత్థామను నేరుగా భవిష్యత్తులోకి నడిపించడం ఈ సినిమాలో అన్నిటికన్నా గట్టి ఆలోచన. చావులేని శాపం మోస్తున్నవాడికి కాలయంత్రం అవసరం లేదు. అమితాబ్ బచ్చన్ ఎత్తునూ గొంతునూ ఇంత సరిగ్గా వాడుకున్న తెలుగు సినిమా మరొకటి లేదు.

నీటి పరీక్షలో మాత్రం సగం మార్కులే. గంగ ఎండిపోయింది, చివరి నగరం కాశీ, ఉన్న సంపదంతా పైన తలకిందులుగా వేలాడే కాంప్లెక్స్ లాగేసుకుంది. చెప్పడానికి బలమైన మాటే. ఎలా లాగింది? పంపులా, గొట్టాలా, మబ్బులనే పట్టేసిందా? కింద ఉన్న లక్షల మందికి రోజుకు ఎన్ని నీళ్లు, ఎవరు కొలిచి పోస్తున్నారు? నీళ్లు వంతులేసి వదిలే లస్కరు లేని కాలువ లాంటి లోకమది. దాని బదులు డబ్బు లెక్క బాగా కట్టారు. కాంప్లెక్స్‌లోకి వెళ్లాలంటే పది లక్షల యూనిట్లు కావాలి, కింద ఏ పని చేసినా వచ్చేవి చిల్లర. హీరో భైరవ ఎందుకంత స్వార్థపరుడో ఆ ఒక్క అంకె చెబుతుంది. గల్ఫ్ వెళ్లడానికి ఏజెంటుకు కట్టాల్సిన మొత్తం తెలిసిన కోనసీమ ఇళ్లలో ఆ అంకె బరువు ఇంకాస్త బాగా అందుతుంది.

మొదటి సగంలో సాగదీత నిజమే. భైరవ హాస్యం, అతిథి పాత్రల వరస కలిపి అరగంట కత్తిరించినా కథకు లోటు రాదు. ఒకరు వచ్చిన ప్రతిసారీ హాల్లో ఈలలు మోగుతాయి, ఆ ఈలల్లో కథకు కావాల్సిన రెండు మాటలు కొట్టుకుపోతాయి. భైరవ నడిపే 'బుజ్జి' అనే బండి మాత్రం అసలు సిసలైన పని. మహీంద్రా, కోయంబత్తూరు జయేమ్ కలిసి నిజంగా కట్టిన, సుమారు ఆరు టన్నుల వాహనం. తెర మీద అది మలుపు తిరిగితే దుమ్ము లేచే తీరులో, టైరు నలిగే తీరులో బరువు తెలుస్తుంది. కంప్యూటర్లో గీసిన బండ్లు మలుపు తిరిగేప్పుడు తేలిపోతాయి, అదే తేడా. బుజ్జికి కీర్తి సురేష్ గొంతు.

నాగ్ అశ్విన్ ఈ సినిమాకు సింగీతం శ్రీనివాసరావును సలహాదారుగా పెట్టుకోవడం ఊరికే కాదు. సింగీతం 1991 నాటి 'ఆదిత్య 369' కొత్త 4కే ప్రింటుతో 2025 ఏప్రిల్ 4న మళ్లీ వచ్చింది. పక్కపక్కన పెట్టి చూస్తే పాతదాంట్లో ఒక క్రమశిక్షణ కనబడుతుంది. కాలయంత్రం ఒక్కటే, వెనక్కి ఒకసారి కృష్ణదేవరాయల దగ్గరికి, ముందుకు ఒకసారి 2504కి. ప్రేక్షకుడు గుర్తుపెట్టుకోవాల్సినవి అంతే. మాటలు జంధ్యాలవి. నరసాపురం మనిషి కదా, యంత్రం ఎలా పనిచేస్తుందో ప్రొఫెసర్ చెబుతున్నా పాఠంలా ఉండదు, వెటకారం లోపల్నించి పలుకుతుంది. 4కే చేసినంత మాత్రాన ఆనాటి మినియేచర్లు, అంటే చిన్న నమూనా సెట్లు, కొత్తవి కావు. అతుకులు ఇప్పుడు ఇంకా బాగా కనబడతాయి. అది ముందే తెలుసుకుని వెళ్తే మంచిది.

క్రిస్టఫర్ నోలన్ 'ఇంటర్‌స్టెల్లర్' 2014 సినిమా, మన దేశంలో 2025 ఫిబ్రవరి 7న మళ్లీ వేశారు. రైతుకు దీనికన్నా దగ్గరి సైన్స్ ఫిక్షన్ లేదు. గోధుమ పోయింది, బెండ ఆఖరి కాపు అయిపోయింది, మొక్కజొన్న ఒక్కటే మిగిలింది. తెగులు ఒక్కో పంటనూ మింగుకుంటూ వస్తుంది. అగ్గితెగులుకు మందు కొట్టినవాళ్లకు ఈ భయం కల్పన కాదు. నోలన్ కెనడాలోని ఆల్బర్టాలో 500 ఎకరాల మొక్కజొన్న నిజంగానే వేయించాడు. ఆకు మీద పడే ఎండ నిజమైనది కాబట్టే పొలంలో బండి దూసుకెళ్లే ఘట్టం అంత నమ్మకంగా ఉంటుంది.

నీటి గ్రహం గురించి చాలామంది పొరబడతారు. మోకాలి లోతు నీళ్లలో కొండంత అల ఎలా లేస్తుందని అడుగుతారు. అది గాలికి లేచే అల కాదు, పోటు. ఆ గ్రహం కృష్ణబిలానికి బాగా దగ్గర. దాని ఆకర్షణకు సాగి, ఒకే ముఖం అటు పెట్టి ఉండాలి. పూర్తిగా కుదురుకోక అటూఇటూ ఊగుతుంటే నీళ్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పొర్లుతాయి. సలహాదారైన భౌతికశాస్త్రవేత్త కిప్ థోర్న్ ఇచ్చిన వివరణల్లో ఇదొకటి. అంతర్వేది దగ్గర పోటుకు ఏట్లో నీరు వెనక్కి ఎగదన్నడం చూసినవాళ్లు దాన్ని కొన్ని వందల రెట్లు పెంచి ఊహించుకుంటే చాలు. అక్కడ గంట గడిస్తే బయట ఏడేళ్లు. ఆ ఒక్క నియమాన్ని కచ్చితంగా పాటించినంతసేపూ సినిమా పట్టు సడలదు. చివర్లో ప్రేమే కొలత అని మొదలుపెట్టినప్పుడు సడలుతుంది.

జేమ్స్ కామెరాన్ 'అవతార్' వరస గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. నీటిని ఇతనిలా తీసేవాళ్లు లేరు. 2022 భాగానికి నటులను నిజంగానే తొట్టెలో ముంచాడు. గాలి సిలిండరు పెడితే బుడగలు కదలికలను చెడగొడతాయి గనుక అందరికీ ఊపిరి బిగబట్టడం నేర్పించాడు. పైనుంచి వెలుతురు చెదరకుండా నీటి మీద చిన్న తెల్ల బంతులు పరిచాడు. పనితనం అంత. కథ మాత్రం 2025 డిసెంబర్లో వచ్చిన 'ఫైర్ అండ్ యాష్' దాకా అదే బడి పుస్తకం. జులై ఎర్రనీరు చూసే కళ్లకు, ఒండ్రు జాడ లేని ఆ నీలి సముద్రం ఎంతసేపైనా అక్వేరియంలాగే ఉంటుంది.

గారెత్ ఎడ్వర్డ్స్ 'ది క్రియేటర్' 2023లో ఎనిమిది కోట్ల డాలర్లతోనే తయారైంది. సోనీ ఎఫ్ఎక్స్3 అనే చిన్న కెమెరా పట్టుకుని ముందు నిజమైన ఊళ్లలో తీసి, గ్రాఫిక్స్ తర్వాత దాని మీద అతికించారు. పొదుపుకు పాఠ్యపుస్తకం, కథకు కాదు. బాంగ్ జూన్-హో 'మికీ 17'లో మనిషి చచ్చినప్పుడల్లా మళ్లీ ప్రింట్ చేస్తారు. ఇద్దరు ఒకేసారి ఉండకూడదన్నది నియమం, అది తప్పడమే కథ. ఓడలో తిండి కేలరీలతో సహా కొలిచి పెట్టడం బాగుంది. రెండో సగంలో రాజకీయ వెటకారం మితిమీరి ఆ కొలత మరిచిపోయాడు.

ఇప్పుడు హాళ్లు. ఈ సినిమాల్లో సగం చీకట్లోనే నడుస్తాయి, మన దగ్గర ఎక్కువ దెబ్బ అక్కడే. 2డీలో తెర మీద పడాల్సిన వెలుతురు ప్రమాణం 14 ఫుట్‌లాంబర్ట్‌లు. ప్రొజెక్టర్లోని జెనాన్ దీపం ముసలిదైతే, ప్రొజెక్టర్ గది కిటికీ అద్దం మీద దుమ్ము పట్టి ఉంటే అది చాలా తగ్గిపోతుంది. 3డీలో ఫిల్టరూ కళ్లద్దాలూ కలిసి ఇంకా తినేస్తాయి, మూడో వంతు మిగిలితే గొప్ప. అందుకే 'కల్కి' లాంటివి డెల్టా హాళ్లలో 2డీలోనే చూడటం నయం, అదీ లేజర్ ప్రొజెక్టర్ ఉన్న హాల్లో. 3డీకి వాడిన ఫిల్టరు తీయకుండా 2డీ ఆట వేసేస్తే బొమ్మ మసకబారుతుంది. ట్రైలర్లలోనే అనుమానమొస్తే విశ్రాంతి దాకా ఆగకుండా అప్పుడే మేనేజరుకు చెప్పాలి, తీయడానికి రెండు నిమిషాలు పట్టదు.

3డీ కోసం వేసే వెండితెరకు ఒక జబ్బుంది. మధ్యలో మెరుస్తుంది, పక్క సీట్లకు ఓ వైపు నల్లబడుతుంది. అలాంటి హాల్లో వరస అంచు సీటు చవకగా దొరికినా వద్దు. తెర నుంచి హాలు పొడవులో మూడింట రెండొంతుల దూరంలో, నట్టనడుమ కూర్చుంటే బొమ్మా శబ్దమూ రెండూ సరిగ్గా అందుతాయి. బాల్కనీ చివరి వరసకు ఎంత రేటు పెట్టినా అక్కడ వెనకగోడ తగిలి బాస్ ముద్దయిపోతుంది.

శబ్దం సంగతి. మిక్సింగు చేసేటప్పుడు సౌండ్ ప్రాసెసరు మీటను 7 దగ్గర పెట్టి చేస్తారు. గోల ఎక్కువైందని ఫిర్యాదులొస్తే హాలువాళ్లు 5కి దించేస్తారు. ఒక్కో అంకెకు మూడు డెసిబెల్స్ పైనే పోతుంది. అప్పుడు గుసగుసలు ఏసీ హోరులో మునిగిపోతాయి, 'డ్యూన్'లో ఇసుక పురుగు వచ్చేముందు నేల అదరడం అసలే తెలియదు. నోలన్ సినిమాల్లో మాటలు మామూలుగానే సంగీతం కింద నలుగుతాయి, మీట దించితే పూర్తిగా పోతాయి. తెలుగు డబ్బింగులో మాటల ట్రాకు పైకి తేలేలా కలిపితే కొంత నయం. ఐమాక్స్ పెద్ద తెర కోసం ఎదురుచూడకుండా రాజమండ్రి, కాకినాడ, భీమవరం వైపు ఏ హాల్లో లేజర్ ప్రొజెక్టర్, అట్మాస్ శబ్దం రెండూ ఉన్నాయో కనుక్కుని టికెట్ తీసుకోవడం మేలు. కరెంటు పోయి జనరేటరు ఎత్తుకునే హాల్లో జెనాన్ దీపం మళ్లీ వెలగడానికి కాస్త సమయం పడుతుంది, ఈలోపు సీనులో ముందు జరిగింది మరిచిపోతారు.

ఇంట్లో చూసేవాళ్లు టీవీలో చేయాల్సినవి మూడు. పిక్చర్ మోడ్‌ను 'సినిమా' లేదా 'ఫిల్మ్‌మేకర్'కు మార్చాలి, కదలికలను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయాలి (ఆపకపోతే రెండొందల కోట్ల సినిమా సీరియల్‌లా కనబడుతుంది), సౌండ్‌బార్ లేకపోతే ఆడియోను 5.1 నుంచి స్టీరియోకు దించాలి. హాల్లో వేసే డిజిటల్ ప్రింటు సెకనుకు 250 మెగాబిట్ల దాకా వెళ్తుంది, ఇంటికొచ్చే స్ట్రీమింగుకు అందులో పదో వంతు కూడా చాలాసార్లు రాదు. అందుకే చీకటి ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు పడతాయి. అది టీవీ తప్పు కాదు. ఆ చారలు ఎక్కువగా కనిపిస్తే బ్యాక్‌లైటు కాస్త తగ్గించి, గదిలో టీవీ వెనక వైపు చిన్న దీపం ఒకటి వెలిగించి ఉంచండి.