క్రోనీయా, టైమ్‌సింక్‌డీయా, పాత ఎన్‌టీపీడీయా: ఏది మేలు?

లినక్స్‌లో గడియారం సరిగ్గా నడవాలంటే, నెట్‌లోని టైమ్ సర్వర్లను అడిగి దాన్ని సరిచేసే ఈ మూడు ప్రోగ్రాముల్లో ఏది పెట్టుకోవాలని చాలామంది అడుగుతున్నారు. ఈమధ్యే నా వర్చువల్ మెషీన్లన్నీ (అసలు కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) క్రోనీకి మార్చాను కాబట్టి నా మొగ్గు ఎటో ముందే తెలిసిపోతుంది.

అందరూ మొదట అడిగేది కచ్చితత్వం గురించి. మామూలు అవసరాలకు ఏదైనా చాలు. గడియారాన్ని నడిపే మదర్‌బోర్డు మీది క్రిస్టల్ 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) తప్పినా రోజుకు తేడా 1.7 సెకన్లే. నా దృష్టిలో అసలు పరీక్ష వేరే ఉంది: గడియారం ఒక్కసారిగా బాగా వెనకబడితే ఏం చేస్తుంది?

ఒక వర్చువల్ మెషీన్‌ను పాజ్ చేసి గంట తర్వాత లేపాననుకోండి. 30 సెకన్లకోసారి మారే ఓటీపీ కోడ్లు పనిచేయవు. 5 నిమిషాల తేడా దాటితే కెర్బెరోస్ అనే లాగిన్ పద్ధతి కూడా ఒప్పుకోదు. అప్పుడు ఎన్‌టీపీడీ, తేడా 1000 సెకన్లు దాటిందని లాగ్‌లో ఒక ముక్క రాసి ఆగిపోతుంది. టైమ్‌సింక్‌డీ ఏ గొడవా లేకుండా సరైన టైముకు దూకేస్తుంది. కానీ అది ఒక్క సర్వర్‌నే అడుగుతుంది; ఆ సర్వర్ తప్పు చెప్తే అదే నమ్ముతుంది. క్రోనీ నాలుగైదు సర్వర్లను పోల్చి, తేడాగా ఉన్నదాన్ని పక్కన పెడుతుంది.

అలాగని క్రోనీ నన్ను తిప్పలు పెట్టలేదని కాదు. మెషీన్ లేచి చాలాసేపయినా టైమ్ వెనకే ఉంది. తేడా ఎంతో చూపించే 'క్రోనీసీ ట్రాకింగ్' కమాండ్ కొడితే తేడా మెల్లగా తగ్గుతోంది, అంతే. కారణం కాన్ఫిగ్‌లోని 'మేక్‌స్టెప్ 1 3' అనే లైను: మొదటి మూడు అప్‌డేట్లలోనే దూకొచ్చు, ఆ తర్వాత మెల్లగా సర్దుకోవాల్సిందే. లినక్స్‌లో ఆ వేగానికి క్రోనీ మామూలుగా పెట్టే పరిమితి సుమారు 83,333 పీపీఎం. అంటే గంట తేడా పూడడానికి 12 గంటలు! ఆ 3ని -1 (ఎప్పుడైనా దూకొచ్చని అర్థం) చేశాక మళ్లీ ఆ బాధ లేదు. డేటాబేస్ నడిచే మెషీన్‌లో మాత్రం ఇది చేయకండి. టైమ్ వెనక్కి దూకితే రికార్డుల వరుస తారుమారవుతుంది.

మామూలు ల్యాప్‌టాప్‌కు టైమ్‌సింక్‌డీ ఉంటే ఉండనివ్వండి. అయితే లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు కూడా 25.10 వెర్షన్ నుంచి క్రోనీకే మారింది. ఇదే పని చేసే ఓపెన్‌ఎన్‌టీపీడీ కాన్ఫిగ్ ముచ్చటగా ఉంటుంది, బీఎస్‌డీ (లినక్స్ లాంటి మరో సిస్టమ్) వాడేవాళ్లకు నచ్చుతుంది. పీటీపీ అనే ఇంకా కచ్చితమైన పద్ధతి మైక్రోసెకన్లు లెక్కపెట్టే వాళ్లకు.

మారేటప్పుడు పాతదాన్ని ఆపడం మర్చిపోకండి. ఒకే గడియారాన్ని ఇద్దరు చెరోవైపు లాగితే ఏ లాగ్ చూసినా అర్థం కాదు.